పాత సిస్టమే ఉండనీ

"అన్నయ్యవన్నీ కాపీ చేశాను వదినా, ఇక కంప్యూటర్‌లో పాతది చెరిపేసి కొత్త సిస్టమ్ వేసెయ్యడమే," అని హాల్లోంచి కేకేశాడు మరిది. నేను సింకు దగ్గర అడుగంటిన గిన్నె తోముతున్నాను. మాట చెవిన పడింది కానీ చెయ్యి పీచు తిప్పుతూనే ఉంది. ఈ ఇంట్లో నా చేతులు నన్ను అడిగి పనిచెయ్యడం ఎప్పుడో మానేశాయి.

కంప్యూటర్ హాల్లో మూల బల్ల మీద ఉంటుంది. పక్కనే నా ఎంబ్రాయిడరీ మిషన్. స్కూలు చొక్కాల జేబుల మీద బ్యాడ్జీలు, హోటల్ యూనిఫామ్‌ల మీద పేర్లు కుడతాను. ఏ దారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ముందు కంప్యూటర్‌లో కుట్టు కుట్టుగా గీసుకోవాలి. అలా ఏళ్ళ తరబడి గీసినవన్నీ అందులోనే ఉన్నాయి. మావారు మాత్రం స్నేహితులతో, "ఊరికే కూర్చోలేక ఏదో కుడుతూ ఉంటుంది," అంటారు. కుట్టి కుట్టి నడుం పట్టేసి లేవలేని రోజున కూడా నేను చేసింది "ఏదో"నే.

కొత్త సిస్టమ్ కావాలన్నది ఆయనే. సినిమాలు ఆగి ఆగి వస్తున్నాయట, ఆఫీసు మీటింగు తెరుచుకోవడం లేదట. మొన్న అన్నం వడ్డిస్తూ, "నా ప్రోగ్రాం కొత్తదాంట్లో పనిచేస్తుందా?" అని అడిగాను. "వాడు చూసుకుంటాడులే, నీకర్థం కాదు. ఆ కూర ఇటు జరుపు," అన్నారు. జరిపాను. ఆమధ్య ఆయన నాకు చెప్పకుండా నా ఫోను మార్చినప్పుడు, పోయిన మా అమ్మ గొంతుతో ఉన్న మెసేజ్‌లన్నీ పోయాయి. రెండు రోజులు అన్నం సహించలేదు. "ముందే చెప్పొచ్చుగా," అన్నారు అప్పుడు. చెప్పకపోతే చెప్పలేదంటారు, చెబితే అర్థం కాదంటారు. నేను నోరు తెరవాల్సిన సమయం అసలంటూ ఒకటి ఉందా అని ఆలోచిస్తూ ఉంటే గిన్నె చేతిలోంచి జారి సింకులో ఠంగుమంది.

అన్నయ్యవన్నీ కాపీ చేశాడు. మరి నావి?

కుళాయి కట్టేసి, తడిచేతులతోనే హాల్లోకి పరిగెత్తాను.

"ఆగు! ఏమీ నొక్కకు!"

మరిది ఉలిక్కిపడి మౌస్ మీద నుంచి చెయ్యి తీశాడు. "ఏమైంది వదినా? నీవి కూడా ఏమైనా ఉన్నాయా ఇందులో?"

సోఫాలోంచి మావారు తలెత్తారు. "ఏవో పువ్వులూ తీగలూ ఉంటాయి. మళ్ళీ గీసుకుంటుందిలే. నువ్వు కానివ్వరా."

మిషన్ మెకానిక్‌కి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి, సంగతి చెప్పాను.

"అయ్యో, వద్దమ్మా!" అన్నాడాయన. "డిజైన్లు దాచుకున్నా లాభం లేదు. మీ ప్రోగ్రాం కొత్త సిస్టమ్‌లో తెరుచుకోదు. దాన్ని తయారుచేసినవాళ్ళు ఎప్పుడో మానేశారు. పాతదే ఉంచుకుని, వైరస్‌లు రాకుండా నెట్ తీసేసి వాడుకోండి. మిషన్ ఉన్నన్నాళ్ళూ నడుస్తుంది."

మరిది మొహం పాలిపోయింది. "సారీ వదినా. నిజంగా నాకు తెలీదు. అన్నయ్య చెప్పలేదు."

"మరి నా మీటింగులు?" అన్నారు మావారు.

"ఆఫీసువాళ్ళని లాప్‌టాప్ అడగండి. ఇది నేను పనిచేసుకునే కంప్యూటర్. మార్చను."

అరుస్తారనుకున్నాను. ఆయన నోరు తెరిచి, తమ్ముడి వైపు చూసి, "సరే, నీ ఇష్టం," అని గొణిగి లేచి వెళ్ళిపోయారు. అంతే! ఇంత చిన్న సంగతికా ఇన్నాళ్ళూ ఇంత భయపడ్డాను? నెట్ వైరు పీకి పక్కన పెట్టి, నా ప్రోగ్రాం తెరిచాను. సగంలో ఉన్న హోటల్ పేరు ఎక్కడ వదిలానో అక్కడే ఉంది. భుజాల మీద నుంచి బస్తా దించినట్టయి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని నవ్వుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి అత్తయ్య తన గదిలోంచి వచ్చి పక్కన నిలబడి ఉంది. ఎప్పుడూ ఇటు తొంగిచూసే మనిషి కాదు.

"నాకూ ఒక కుట్టుమిషన్ ఉండేదమ్మాయ్," అంది, స్క్రీన్ మీద దారాల రంగులు చూస్తూ. "నేను ఆస్పత్రిలో పురిటికి ఉన్నప్పుడు మీ మామగారు అమ్మేశారు. ఇంటికొచ్చి చూస్తే ఆ చోట బీరువా ఉంది. ఏమన్నా అంటే ఏమవుతుందోనని ఊరుకున్నాను."

ఇంకో కుర్చీ లాగి వేశాను. కూర్చుని, "ఈ ఆకుపచ్చ మరీ ముదురుగా లేదూ?" అంది. నిజమే, ముదురుగానే ఉంది. ఇద్దరం కలిసి మార్చాం.

ఆ సాయంత్రమే కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ పెట్టాను. అదేమిటో ఎవరికీ చెప్పలేదు, అత్తయ్యకి తప్ప.