అయిదు నిమిషాలని రాసిన కాగితం

ఆమె వార్డు కుళాయి కింద పాప గౌను రెండోసారి జాడించి పిండుతుంటే, డాక్టరమ్మ పిలుస్తున్నారని నర్సు వచ్చి చెప్పింది. ఆమె చేతులు తుడుచుకునేలోపే భర్త లేచాడు. "నువ్వు గువ్వ దగ్గరుండు. నేను మాట్లాడొస్తా." గువ్వంటే వాళ్ల నాలుగేళ్ల కూతురు. మూడు రోజులుగా మగతగా పడి ఉంది. "ఇద్దరూ రండి," అంది డాక్టరమ్మ గుమ్మంలోంచే.

"చేర్చేటప్పుడు ఫిట్స్ అయిదు నిమిషాలని రాయించారు. వెన్ను నుంచి తీసిన నీటిలో ఇన్ఫెక్షన్ లేదు. కానీ మెదడు కణాలు దెబ్బతింటే బయటికొచ్చే ప్రోటీన్ చాలా ఎక్కువుంది. అయిదు నిమిషాలకి ఇంత ఉండదే! వేరే జబ్బేమన్నా ఉందేమో వెతకాలి. మళ్లీ వెన్నులో సూది వెయ్యాలి."

"అయిదే మేడమ్. మహా అయితే ఆరు," అన్నాడు భర్త. ఆ పూట ఆఫీసులో కూర్చున్న మనిషికి ఎంత కచ్చితంగా తెలిసిందో!

మొన్న మొదటి సూదికి పిల్లను ముడిచి కదలకుండా పట్టుకున్నది ఆమే. అతనేమో "నేను చూడలేను బాబోయ్" అంటూ బయటికి నడిచాడు. అంత మగతలోనూ గువ్వ "అమ్మా" అని మూలిగింది.

ఆరు నెలల కిందట మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు ఆమె ఎవరినీ అడగలేదు. పిల్లను భుజాన వేసుకుని, చెప్పులైనా వేసుకోకుండా దొరికిన ఆటో ఎక్కింది. ఆస్పత్రికి చేరేసరికి తగ్గిపోయింది. ఇంటికొచ్చాక అతను అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఎవర్నడిగి వెళ్లావ్? నాకో ఫోన్ కొడితే నీ సొమ్మేం పోయింది?" అత్తగారు అందుకుంది. "ఆడపిల్లకి ఫిట్సని ఊరంతా చాటింపు వేసొచ్చింది మహాతల్లి!"

అందుకే ఈసారి బుద్ధిగా ఫోన్ చేసింది. "హడావుడి చెయ్యకు, అదే తగ్గుతుంది. నేనొచ్చేదాకా గడప దాటకు," అన్నాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. అత్తగారు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. నేల మీద కొట్టుకుంటున్న బిడ్డను పక్కకి తిప్పి పట్టుకుని, ఆమె గోడ గడియారం చూస్తూ ఉండిపోయింది. మాట వినే కోడలనిపించుకుంది.

"సూది వెయ్యకండి డాక్టర్‌గారూ. ఆ లెక్క తప్పు."

భర్త మోచేత్తో పొడిచాడు. "దానికేం తెలుసండీ, ఉత్త కంగారు మనిషి."

ఆమె అతనివైపు చూడలేదు.

"నలభై రెండు నిమిషాలు కొట్టుకుంది. ఈయనొచ్చి పదమనేదాకా నేను కూర్చునే ఉన్నాను. అడక్కుండా తీసుకొచ్చుంటే పది నిమిషాల్లో ఇక్కడుండేది."