మట్టి సైన్యానికి కన్ను తెరిచిన రోజు

చైనాలో షియాన్ అనే పాత నగరంలో వారం రోజులు షికారు తిరిగింది శ్రీకుమార్. నడుం విరిగింది మోసెస్‌కి. ఆ మాట మోసెస్ పదిమందిలో చెబుతాడు. వినేవాళ్ళు లేకపోతే వెల్డింగు మెషిన్‌కి చెబుతాడు.

శ్రీకుమార్‌ది చెన్నైలో మైలాపూరు. ఏటా వేసవి సెలవులకి అంబత్తూరు దగ్గర ఒక మైదానం బాడుగకి తీసుకుని ఎగ్జిబిషన్ పెడతాడు. రంగులరాట్నం, అప్పడం, బజ్జీ, మధ్యలో ప్రపంచంలోని ఏదో ఒక వింత. ఆ వింతని ఇనుపచట్రంతో, ప్లైవుడ్డుతో, థర్మాకోలుతో నిలబెట్టేది మోసెస్. ఆరో తరగతిలో బడి మానేసి అంబత్తూరు ఫ్యాక్టరీల ఎస్టేటులో సుత్తి పట్టినవాడు, యాభై దాటినా బాడుగ షెడ్డులోనే ఉన్నాడు. సొంతానికి ఉన్నదల్లా తిరునిన్రవూరులో ఒక చిన్న స్థలం. అక్కడ షెడ్డు, షెడ్డు వెనక రెండు గదులు అని ఇరవై ఏళ్ళుగా భార్య రాసాత్తికి చెబుతూ వస్తున్నాడు.

ఈసారి వింత ఆ షియాన్ నగరమే. సరుకు కొనడానికి మోసెస్ అడ్వాన్సు అడిగితే శ్రీకుమార్ ఆ స్థలం కాగితాలు పెట్టమన్నాడు. శనివారం సాయంత్రం గేటు తెరిచేసరికి ఏ ఒక్క పని మిగిలినా స్థలం శ్రీకుమార్‌ది. మోసెస్ సంతకం పెట్టి వచ్చాడు.

"పెట్టేసినావా?" అంది రాసాత్తి. "సరి, ఇంక మనకి గోడ యాడిది? ఆ చీనావోళ్ళ గోడ కిందే పండుకుందాం పో."

పని మాత్రం మోసెస్‌ని మింగేసింది. శ్రీకుమార్ ఫోన్‌లో ఉన్న ఫోటోలే ఆధారం. కొలతలు లేవు. కానీ ప్రతి ఫోటోలోనూ శ్రీకుమార్ పళ్ళు ఇకిలిస్తూ నిలబడి ఉన్నాడు కదా, మోసెస్ ఆయన్నే కొలబద్ద చేసుకున్నాడు. నగరం చుట్టూ ఉన్న పాత కోటగోడ ఎత్తు ఏడు శ్రీకుమార్లు. దాని మీద వెడల్పు, మనుషులు వరసగా సైకిళ్ళు తొక్కుకుంటూ పోయేంత. నాలుగు వీధులు కలిసే చోట గంట గోపురం, కాస్త దూరంలో డోలు గోపురం, చీకటి పడితే రెండూ దీపాలతో బంగారంలా మండుతాయి. పుల్లకి గుచ్చి కాల్చిన మాంసం అమ్మే సందులు. రాణుల కాలం నాటి బట్టలు బాడుగకి కట్టుకుని ఫోటోలకి నిలబడే ఆడపిల్లలు.

"ఈ ఏడంతస్తుల గుడి ఏంది సార్?"

"అది మోసెస్సూ, ఒక సన్యాసి నడుచుకుంటా ఇండియాకి వచ్చి, పుస్తకాలు మోసుకొని తిరిగి పొయ్యినాడు. ఆయన పుస్తకాలు దాచేదానికి కట్టించిన గోపురం. మన కంచి దాకా వచ్చినాడంట."

"మన కంచికా? నడిచా?"

"బస్సు యాడుందప్పా అప్పుడు?"

మోసెస్ ఆ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. అంబత్తూరు నుంచి కంచికి రెండు బస్సులు మారాలని విసుక్కునే మనిషి తను. ఆ రోజు నుంచి ఆ గోపురానికి మేకు కొట్టేటప్పుడు కూడా చెప్పులు వేసుకోలేదు. ఎందుకని అడిగితే మేకులు గుచ్చుకుంటాయనీ, కాలికి తెలుస్తాయనీ ఏదో అడ్డదిడ్డంగా చెప్పాడు.

అన్నిటికీ మించినది మట్టి సైన్యం. రైతులు బావి తవ్వుతుంటే బయటపడిందట. వేలమంది సిపాయిలు, రాజు సమాధికి కాపలా. ఒకడి ముఖం ఇంకొకడికి లేదు. అప్పట్లో ఒంటి నిండా రంగులుండేవి, పైకి తీయగానే గాలి తగిలి రాలిపోయాయట. శ్రీకుమార్‌కి ఆ రంగులే కావాలి. "ఆడ లేనిది ఈడ చూపిస్తాం" అని బోర్డులు కూడా కొట్టించేశాడు.

మట్టి పని కాళియమ్మకి అప్పగించాడు మోసెస్. పల్లెల్లో ఊరి కాపలా దేవుడు అయ్యనారు గుళ్ళకి మట్టి గుర్రాలు చేసే కుమ్మరి ఇంటి మనిషి. నలభై మందిని చేసింది, కాల్చింది. మోసెస్ మనుషులు కవచాలకి ఎరుపు, నీలం పూశారు. కళ్ళు మాత్రం వదిలేశారు. చేసిన చెయ్యే నల్లచుక్క పెట్టి కన్ను తెరవాలి, అదీ చివర్లో. అది కాళియమ్మ ఇంటి కట్టుబాటు. ఇంతలో కాళియమ్మ మరిది పోయాడని కబురు వచ్చింది. మైల తీరేది ఆదివారం పొద్దున స్నానంతో.

శనివారం మధ్యాహ్నం మోసెస్ ఆమె ముందు కూలబడ్డాడు.

"మైలలో కన్ను తెరిస్తే ఏమైద్ది అక్కా?"

"నాకేం తెలుసు తంబీ? ఎవురన్నా తెరిచి ఉంటే గదా తెలిసేది."

"ఇవేమన్నా సామి బొమ్మలా? చీనా సిపాయిలు. టికెట్ కొని చూసి, బజ్జీ తిని పోతారు."

"కన్ను లేనంతసేపు మట్టే. కన్ను పెట్టినాక ఎవురో ఒకరు. ఆ వచ్చినోడు మొదట మైల మనిషిని చూడకూడదు, అంతే. నువ్వు పెట్టుకుంటే పెట్టుకో. నేను అడ్డం రాను. నీ స్థలం సంగతి నాకు తెలీదా?"

శ్రీకుమార్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చాడు. "చుక్క పెట్టేదానికి ముహూర్తమా? మార్కర్ పెన్ను లేదా మోసెస్సూ? కళ్ళు లేని సైన్యాన్ని ఎవురు చూస్తారు? ఆరుకి గేటు. అగ్రిమెంట్ అంటే అగ్రిమెంటే." నవ్వుతూనే అన్నాడు. తిరునిన్రవూరు పక్కన కొత్త రోడ్డు పడుతున్నదని మోసెస్‌కీ తెలుసు.

నల్లరంగు డబ్బా, సన్న కుంచె తీసుకుని మోసెస్ సైన్యం నిలబడిన గుంటలోకి దిగాడు. తను తవ్వించిన గుంటే, తను వేయించిన రేకుల పైకప్పే. రేకుల సందుల్లోంచి ఎండ వాలి వరసల మీద పడుతోంది. మొదటివాడి ముందు నిలబడి కుంచె ఎత్తాడు.

పెదవి కొంచెం పక్కకి లాగి ఉంది, నవ్వు ఆపుకున్నట్టు. పక్కవాడికి బుగ్గలు లోపలికి పోయాయి, రాత్రి డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడినవాడిలా. వాడి వెనకవాడికి దవడ బిగిసింది. ఇంకొకడు పసివాడు, మీసం ఇప్పుడిప్పుడే. మోసెస్ ఒక్కొక్క వరసా దాటుకుంటూ పోయాడు. ఇన్ని వారాలు వీళ్ళకి చట్రాలు బిగించాడు, రంగు పూయించాడు, ఎత్తి దించాడు, ఒక్కడినీ చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాడు. చుక్క కాస్త పైకి పెడితే వీడు గర్విష్ఠి అవుతాడు, కిందికి పెడితే ఓడినవాడు అవుతాడు. ఈ పెదవి దేనికి నవ్వుతోందో చేసిన చేతికి తెలుసు. తనకేం తెలుసు?

"యేసప్పా," అన్నాడు పైకే. అక్కడ వినేందుకు చెవులు మాత్రం ఎనభై ఉన్నాయి.

ఆలోచిస్తూ నిలబడగా నిలబడగా కుంచె మీద రంగు ఎండిపోయింది. మళ్ళీ ముంచలేదు. పైకి వచ్చి, "రేపు పొద్దున్నే అక్కా," అని మాత్రం అన్నాడు.

ఆరుకి గేటు తెరిచారు. జనం గోడ ఎక్కారు, గంట కొట్టారు, రాణి బట్టలు కట్టుకుని ఫోటోలు తీసుకున్నారు. గుంట ముందు మాత్రం పరదా వేలాడింది. శ్రీకుమార్ పరదా తొలగించి ఒకసారి తొంగి చూసి, "పని మిగిలింది మోసెస్సూ. సారీ," అన్నాడు. మోసెస్ ఆయన్ని నోటికొచ్చిన బూతులతో తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి తిట్టాడు.

ఆదివారం పొద్దున కాళియమ్మ తడి చీరతో వచ్చింది. మోసెస్ చేతికి ఒక అద్దం ఇచ్చి, "ముఖానికి ఎదురుగా పట్టు. వచ్చినోడు మొదట తన్ను తాను చూసుకోవాల," అంది. ఒక కన్ను వేసింది, రెండోది వేసింది, పక్కకి తప్పుకుంది. అద్దం పక్కనుంచి మోసెస్ తల వంచి చూశాడు. అంతసేపూ మట్టిగా ఉన్నది ఇటు చూస్తున్నది. అద్దం కాస్త ఒరిగి అందులో ఎండ తుళ్ళింది. సిపాయి ముఖం మీద వెలుగు పాకి, ఆ నవ్వు దేనికో తెలిసినట్టే అయింది. నలభై మందికీ అద్దం పట్టాడు. చివరివాడి దగ్గరికొచ్చేసరికి భుజాలు లాగుతున్నా అద్దం దించబుద్ధి కాలేదు. వెనక్కి తిరిగి చూస్తే సైన్యమంతా లేచి నిలబడినట్టుంది, ఎక్కడికో పోవడానికి ఒక్క మాట కోసం ఆగినట్టుంది.

ఆ సాయంత్రం పరదా తీశారు. బజ్జీ పొట్లాలతో అరుచుకుంటూ వచ్చిన జనం గుంట అంచుకి రాగానే మాట తగ్గించారు. ఒక ముసలామె చెప్పులు విడిచింది. ఆమెని చూసి పక్కవాళ్ళు విడిచారు. కాసేపటికి అంచు పొడుగునా చెప్పుల వరస. రాసాత్తి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వీళ్ళని నువ్వా నిలబెట్టింది?" అంది. శ్రీకుమార్ వచ్చాడు, అటూ ఇటూ చూసి, బూట్లు విప్పి నిలబడ్డాడు. చాలాసేపే నిలబడ్డాడు. "అక్కడ కూడా ఇట్ట అనిపించలేదప్పా," అన్నాడు మెల్లగా. మోసెస్ ఆశగా ఆయన ముఖంలోకి చూశాడు.

శ్రీకుమార్ బూట్లు తొడుక్కుంటూ, "రేపు పదికి రిజిస్ట్రార్ ఆఫీసుకి వచ్చెయ్," అన్నాడు.

మోసెస్ స్థలం రాసివ్వడానికి వెళ్ళాడు. గుమస్తా కొలతలు చదివి వినిపించాడు. తూర్పు పడమరలు ముప్పై అడుగులు, ఉత్తర దక్షిణాలు నలభై. మొత్తం పన్నెండు వందల చదరపు అడుగులు, చెన్నై లెక్కలో అర గ్రౌండు.