ఎల్లాజీ కొట్టిన ఒక్క ఈత

నేను ఒక వాక్యూమ్ యంత్రాన్ని. ఇళ్ళలో తివాచీలు దులిపే రకాన్ని కాదు, స్విమ్మింగ్ పూల్ అడుగున చేరిన మురికిని పీల్చేదాన్ని. ఎక్కడో చైనాలో పుట్టి, అట్టపెట్టెలో ఓడెక్కి విశాఖపట్నం చేరాను. నన్ను కొన్నది ఋషికొండ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్. నాకు వైరు అక్కర్లేదు. పొట్టలో బ్యాటరీ, వెనక మురికి పట్టే గుడ్డసంచి. పొడవాటి కర్రకు తగిలించి నీళ్ళలోకి దించితే గంటసేపు పనిచేస్తాను. నీళ్ళు లేనిచోట మాత్రం ఎందుకూ పనికిరాను.

నన్ను నడిపినవాడు చోడిపల్లి ఎల్లాజీ. యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్ళు సముద్రం మీద వేటకు వెళ్ళి, తుఫానులో పడవ పోయాక ఈ పూల్ పనిలో చేరాడు. తొమ్మిదేళ్ళుగా గట్టు మీద నిలబడే శుభ్రం చేస్తున్నాడు. పనివాళ్ళు నీళ్ళలో దిగకూడదని అక్కడ బోర్డు ఉంది. పరిశుభ్రత కోసమట.

ఆ పరిశుభ్రత సంగతి నా సంచినడగండి. వెంట్రుకలు, పుండ్ల మీద నుంచి ఊడిన పట్టీలు, నమిలి ఉమ్మిన చూయింగ్ గమ్, మూడో అంతస్తు శిరీష గారి కుక్క బొచ్చు. పిల్లలు నీళ్ళలో కలిపే ఇంకో సంగతి సంచికి చిక్కదు. దానికి ఎల్లాజీ మందు కలిపేవాడు.

నన్ను కర్రకు బిగించే క్లిప్పు వదులైంది. "ఒదులైపోనాది సారూ, ఎప్పుడో జారిపోతాది" అని ఎల్లాజీ సెక్రటరీ ప్రభాకరం గారికి మూడుసార్లు చెప్పాడు. ఆయన మూడుసార్లూ "చూద్దాం" అన్నారు. ఏప్రిల్‌లో ఒక ఉదయం నేను జారి ఆరడుగుల లోతున పడ్డాను. ఆకులు తీసే వలతో ఎల్లాజీ ఎంత గెలికినా అందలేదు. ఫోన్ చేశాడు.

"ఎలాగైనా వెంటనే తియ్యి! నీళ్ళలో ఉంటే పాడైపోతుంది!" అన్నారు ప్రభాకరం గారు. నేను నీళ్ళలోనే బతికే యంత్రాన్నని ఆయనకు తట్టలేదు.

ఎల్లాజీ చొక్కా విప్పి గట్టు మీద పెట్టి దూకాడు. చప్పుడే కాలేదు. నీళ్ళ అడుగున కళ్ళు తెరిచే ఉన్నాడు. నన్ను చంకలో ఇరికించుకున్నాడు గానీ వెంటనే గట్టెక్కలేదు. ఒంటిచేత్తో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క ఈత కొట్టాడు. అంత నెమ్మదిగా, అంత హాయిగా ఆ నీళ్ళలో ఇంకెవరూ ఈదగా నేను చూడలేదు. పైకి తేలేసరికి నవ్వుతున్నాడు.

బాల్కనీలోంచి శిరీష గారు ఫోన్‌లో వీడియో తీస్తున్నారు.

సాయంత్రం పూల్ పక్కనే మీటింగ్ పెట్టారు.

"రేపు మా పిల్లలు ఆ నీళ్ళే మింగాలా? మనిషి దగ్గరికొస్తేనే చేపల కంపు!" అన్నారు శిరీష గారు. ఎల్లాజీ చేపల వల ముట్టి తొమ్మిదేళ్ళయింది.

"తమరే కదండి తియ్యమన్నారు" అన్నాడు ఎల్లాజీ, సెక్రటరీ వైపు చూసి.

"తియ్యమన్నాను. ఈత కొట్టమన్నానా?"

నీళ్ళన్నీ తోడించేశారు. మండువేసవి. గేటు బయట బస్తీలో ఆడవాళ్ళు బిందెలతో వరసలో నిలబడిన రోజులు. ఎండిన పూల్‌లో నాకు పని లేదు కనుక గట్టు మీదే ఉండిపోయాను. ఎల్లాజీ రెండు రోజులు మోకాళ్ళ మీద కూర్చుని, తాను ముట్టిన ప్రతి టైలునూ బ్రష్‌తో తోమాడు. తర్వాత ట్యాంకర్లు వచ్చాయి. "ఇకపై ఎన్నడూ నీటిలో దిగను" అని వాళ్ళే రాసిన కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టాడు.

జూన్‌లో తనిఖీ అధికారులు వస్తున్నారని తెలిసింది. ఈత వచ్చిన కాపలాదారు లేకపోతే పూల్ మూసేస్తారట. ప్రభాకరం గారు ఎర్ర టీషర్టు, ఒక ఈల పట్టుకుని స్వయంగా వచ్చారు.

"ఎల్లాజీ, ఇది వేసుకుని గట్టు మీద కూర్చో. నీకు ఈత బాగా వచ్చు కదయ్యా."

ఎల్లాజీ నా సంచి దులుపుతున్నాడు. తల ఎత్తలేదు.

"నాకీత రాదండి."

"అదేంటయ్యా! వీడియోలో అందరం చూశాం కదా!"

"రాదు సారూ. నాకీత రాదు."

సంచి మళ్ళీ తగిలించి, నన్ను ఛార్జింగ్‌లో పెట్టి వెళ్ళిపోయాడు.

పూల్ నెల రోజులు మూతపడింది. తర్వాత వచ్చిన మనిషి నా సంచి దులపలేదు. బ్యాటరీ ఉబ్బిపోయి, జనరేటర్ గది వెనక పగిలిన ట్యూబులైట్ల పక్కన తుక్కువాడి కోసం పడి ఉన్నాను.

మూడేళ్ళు ఎల్లాజీ చేతుల్లో ఉన్నాను. ఆయన నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. ఆ అబద్ధానికే ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేశారు.