సున్నా పాయింట్ మూడు ఎనిమిది

నేను ఒక అయస్కాంత సూదిని. మీ చిటికెన వేలి మొదటి కణుపు కంటే పొడవుండను. నా ఒంటికి అడ్డంగా సన్నని అల్యూమినియం ముల్లు అతికించారు. డిగ్రీల గీతల మీద తిరిగేది ఆ ముల్లు, దాన్ని తిప్పేది నేను. మా ఇద్దరి బరువునూ ఒక మొన మోస్తుంది. కింద అద్దం, పైన గాజు మూత, చుట్టూ గుండ్రని పెట్టె, ఆ పెట్టెను చుట్టి నిటారుగా నిలబడిన రాగి తీగచుట్ట. ఈ మొత్తానికి కాలేజీల్లో టాంజెంట్ గాల్వనామీటర్ అని పేరు. అంత పొడుగు పేరు పలికే ఓపిక లేక టీజీ అంటారు.

భూమి నన్ను ఉత్తరానికి లాగుతుంది. తీగలో విద్యుత్తు పారితే చుట్ట నన్ను పక్కకు లాగుతుంది. ఈ రెండు లాగుళ్ల మధ్య నేనెంత తిరిగానో చూసి భూమి అయస్కాంత బలమెంతో లెక్క కడతారు. దిక్కు చూపిస్తానని నన్ను మెచ్చుకుంటారు, అందులో నా విజ్ఞత ఏదో ఉన్నట్టు. నాకు విజ్ఞత లేదు. లాగిన వైపు తిరగకుండా ఉండలేకపోవడమే నా గుణం.

అంబాలాలో ఒక ఇరుకు కార్ఖానాలో నన్ను ఉక్కు రేకు నుంచి కత్తిరించారు. పనివాడు నన్ను తీగచుట్టలో పెట్టి మీట నొక్కాడు. అంతవరకు నాకు అన్ని దిక్కులూ సమానమే. ఆ క్షణం తర్వాత ఒకటే మిగిలింది. అతను నన్ను మొన మీద నిలిపి, మూత బిగించి, ఇంకో సూదిని అందుకున్నాడు. మళ్లీ నా ఒంటికి గాలి తగల్లేదు.

కడప జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ నన్ను కొన్నది. తొలి రోజుల్లో భౌతికశాస్త్రం చదివే పిల్లలు నా మీదికి వంగి, ఒక కన్ను మూసి, ముల్లునూ అద్దంలో దాని నీడనూ కలిపి చూసి అంకె రాసుకునేవారు. లెక్క కడితే సున్నా పాయింట్ మూడు ఎనిమిది ఆయిర్‌స్టెడ్ (అయస్కాంత బలానికి అదే కొలమానం), లేదా దాని చుట్టుపక్కల వచ్చేది. ఆ ప్రాంతానికి పుస్తకాలు చెప్పే విలువా అదే.

తర్వాత ఒక వానాకాలం స్టోరు గది కప్పు కారుతోందని ఇనుప బీరువాను ల్యాబులోకి జరిపి నా బల్ల వెనుక గోడకు ఆనించారు. ఇనుముకు తనదైన లాగుడు ఉంటుంది. అప్పటినుంచి భూమీ బీరువా కలిసి పట్టుకుంటే, తీగచుట్ట పిలిచినప్పుడు నేను తిరగవలసినంత తిరగలేకపోయాను. లెక్క కడితే సున్నా పాయింట్ అయిదు రెండు వచ్చేది.

ఒక ఉపకరణం ఉన్నట్టుండి వేరే జవాబు చెప్పడం మొదలుపెడితే ఆ వారమే ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఎవరూ పట్టుకోలేదు. అప్పటికి నన్ను చూడడం మానేశారు. సీనియర్లు జూనియర్లకు ‘మంచి రీడింగులు’ అప్పగించి వెళ్లేవారు. అవి దొరకనివారు ముందు జవాబు వేసుకొని, వెనక్కి లెక్క కట్టి, నేనెంత తిరిగి ఉండాలో వారే నిర్ణయించేవారు. నమ్మకం కలగడానికి అక్కడక్కడ అర డిగ్రీ తేడా కూడా పెట్టేవారు. మనుషుల శ్రద్ధ మీద నాకు ఫిర్యాదు లేదు. అది నా మీద మాత్రం ఉండేది కాదు.

అలాంటి గదిలోకి చౌడేశ్వరి వచ్చింది. నేతపని వాళ్ల పిల్ల. పోగు తెగితే ఎక్కడ తెగిందో వెతికి పట్టుకునే ఇంట్లో పెరిగింది. ఆమె నన్ను నిజంగా చూసింది. చూసి లెక్క కట్టి, కట్టిన లెక్క మళ్లీ కట్టింది.

“ఏమే, దానికేసి అట్ల చూస్తాండావు? సూది మాట్లాడుతుందా?” అంది ల్యాబులో ఆమె జోడీ నూర్జహాన్.

“అయిదు రెండొస్తాందే.”

“వస్తే రానీ. మూడెనిమిదేసి పా, క్యాంటీన్‌లో బజ్జీలు అయిపోతాయి. భూమిని నువ్వొక్కదానివే తూకం వెయ్యల్లా?”

పరీక్షలోనూ ఎవరికే ప్రయోగమో తేల్చే చీటీలో చౌడేశ్వరికి నేనే వచ్చాను. వచ్చినదే రాసింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు ఆఖరి పంక్తి చూసి, “మీ ఊరికి మాత్రం వేరే భూమి తెప్పించుకున్నారా అమ్మా?” అని ఎర్ర గీత కొట్టాడు. నూర్జహాన్ గట్టెక్కింది. చౌడేశ్వరి తప్పింది. ప్రాక్టికల్ తప్పితే డిగ్రీ చేతికి రాదు, డిగ్రీ లేకపోతే అప్పటికే వచ్చిన బీఎడ్ సీటు నిలవదు. మిగిలింది సప్లిమెంటరీ ఒక్కటే.

ఆ రోజూ చీటీ నా దగ్గరికే పంపింది. దీన్ని విధి అనేవారుంటారు. ఉన్న ఉపకరణాలే తక్కువ.

ల్యాబు చూసే లెక్చరరు కొండయ్య ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. ఆయన చెడ్డవాడు కాడు, తన పిల్లలు పాసు కావాలని మనసారా కోరుకునేవాడు. “ఈసారన్నా గమ్మున జవాబు రాసి బయటపడమ్మా. అందురూ రాయడంలా? వెనకనుంచి లెక్క కట్టుకో. సీటు పోగొట్టుకుంటావా ఏంది?”

“లేద్సార్.”

కాగితం మీద ఆమె సున్నా వేసి చుక్క పెట్టింది. మూడు వేయడానికి కలం ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఎటూ కదలలేక నిలబడడం అంటే ఏమిటో నాకు తెలుసు. నాకు పరీక్ష మాత్రం లేదు.

చివరికి కలం పక్కన పెట్టి, బల్ల మీది దుమ్ము తుడవడానికి నన్ను ఎత్తింది. ఎత్తి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె చేతుల్లో నేను తిరిగాను.

ఆమె ఆగింది. నన్ను బీరువా దగ్గరికి తీసుకెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చింది. ముల్లు వెళ్తూ, వస్తూ ఉంది. బీరువా వైపు ఒక చూపు, కొండయ్య వైపు ఒక చూపు. ఇన్నేళ్లుగా ఈ బల్ల మీద మూడెనిమిది వచ్చే వీలే లేదని చెబితే, ఇన్నేళ్లుగా మార్కులు వేసినవారిని ఏమన్నట్టు?

“సార్, ఈడ ఎలుతురు సాల్లేదు. వరండాలో పెట్టుకుంటా.”

“యాడన్నా పెట్టుకోమ్మా, టైముకు ఇయ్యి సాలు,” అన్నాడు ఈసారి వచ్చిన పరీక్షకుడు, తిరుగు బస్సు ఆలోచనలో.

నిజం కొలవడానికి ఆమెకు ఒక అబద్ధం ఖర్చయింది.

కర్ర స్టూలు మీద నన్ను పెట్టింది. బ్యాటరీ సెల్లునూ అమ్మీటరునూ పొడుగు వైర్లతో దూరంగా ఉంచింది. మూత అలాగే ఉంది, మొనా అలాగే ఉంది. నాకు విడుదలేమీ కాలేదు. పట్టుకున్నవారిలో ఒకరు తగ్గారు, అంతే. కానీ విద్యుత్తు పారినప్పుడు, చాలా ఏళ్ల తర్వాత, తిరగవలసినంత తిరిగాను. ఆమె ఒక కన్ను మూసి చదివింది, రాసింది, లెక్క కట్టింది. సున్నా పాయింట్ మూడు ఎనిమిది. గోడకు ఆనుకొని ఒక్కతే నవ్వుకుంది.

పరీక్షకుడు ఆఖరి పంక్తి మాత్రమే చూసి సరి గుర్తు పెట్టాడు. కొండయ్య తేలికపడ్డాడు. “సూసినావా? మొన్ననే ఈ పని చేసింటే ఇన్ని తిప్పలుండేవా?”

“నేను నిజంగానే చేసినా సార్,” అంది చౌడేశ్వరి.

మార్కులు వేయబోతున్న కలం ఆగింది. “నిజంగానే అంటే? మిగతావాళ్లంతా ఉత్తుత్తిగా చేసినారా?” పరీక్షకుడు కొండయ్య వైపు చూశాడు. కొండయ్య కిటికీ వైపు చూశాడు.

మార్కుల గడి ఇంకా ఖాళీగానే ఉంది.

“లేద్సార్,” అంది చౌడేశ్వరి. “సారు చెప్పినట్టే చేసినా.”

కలం కదిలింది.

ఆమె కాగితాన్ని మిగతావాటితో కలిపి దారంతో కట్టారు. ఆ కట్టలో నా ప్రయోగం వచ్చిన ప్రతి కాగితం మీదా ఒకే జవాబు ఉంది. ఎవరైనా విప్పి, వీటిలో కొలిచి రాసినదేదో చెప్పమంటే నేను కూడా చెప్పలేను.

చౌడేశ్వరి నన్ను లోపలికి తెచ్చి పాత చోట పెట్టింది. నేను తిరగడం మొదలుపెట్టాను. ఆమె వైర్లు చుట్టడం ఆపి, నేను పూర్తిగా నిలిచేదాకా చూసి, అప్పుడు వెళ్లింది.