నల్ల అంచు చేతిరుమాలు

బోస్టన్ నుంచి వచ్చిన పీపాలో నా పేరు రాసిన పొట్లం ఒకటి ఉంది. అమెరికా ఉత్తరాది చర్చీల వాళ్లు చలికాలం ముందు పాత బట్టలు పీపాల్లో కూరి దక్షిణాదిలోని మా కాలేజీకి పంపుతారు. కాలేజీ అన్నది పేరుకే. మా నల్లవాళ్ల చర్చి పెద్దలంతా కలిసి పెట్టింది. చర్చి వెనక రెండు గదులు, కారే కప్పు, ముప్పై ఒక్కమంది విద్యార్థులు. మాకు బానిసతనం పోయి అప్పటికి తొమ్మిదేళ్లే. నా ఫీజు కట్టేది బోస్టన్‌లోని వెదర్‌బీ దొరసాని. ఆవిడ మానేస్తే నేను మళ్లీ పత్తి చేలోకి పోవాల్సిందే.

పొట్లం విప్పితే నల్ల రిబ్బను, నల్ల అంచున్న చేతిరుమాలు, చావు జరిగిన ఇంటివాళ్లు వాడేలాంటివి. దాంతో దొరసాని చీటీ: "బిడ్డా, ధైర్యంగా ఉండు. ఇక నన్నే తల్లి అనుకో."

పక్క మంచం డార్కస్ తొంగి చూసింది. "ఏమే జిల్ఫా, మీ ఇంట్లో ఎవరైనా పోయారా?"

మా అమ్మ కెజయా అక్కడికి పద్దెనిమిది మైళ్ల దూరంలో ఉండేది. అమ్మకేదో అయింది, పరీక్షలయ్యేదాకా నా దగ్గర దాస్తున్నారు. ఇంకేముంటుంది?

పెద్దవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. అడగడానికి మూడు రోజులు పట్టింది. కాలేజీ నడిపే గ్యాస్కిన్స్ పాస్టరుగారు కప్పెక్కి చెక్కలు కొడుతుంటే, నిచ్చెన కింద నిలబడి అడిగాను.

"అయ్యగారూ, మా అమ్మ బాగుందా?"

సుత్తి ఆగింది. "బాగుండక ఏమ్మా? ఎందుకొచ్చింది ఆ మాట?"

"దొరసానిగారు నల్ల రిబ్బను పంపారు."

"ఉత్తరాదిలో అదో సోకులే. పోయి చదువుకో."

ఆయన నా వైపు చూడలేదు. మేకు వంకరగా దిగింది.

ఆ రోజు నుంచి ఆయన్నే కనిపెట్టసాగాను. నేను గదిలోకి వెళితే ఆయనా, ఆయన భార్యా మాట ఆపేసేవారు. ప్రార్థనలో తల్లిలేని బిడ్డల ప్రస్తావన వస్తే ఆయన గొంతు తగ్గేది. వేసవిలో దొరసానికి నేను రాసిన కృతజ్ఞత ఉత్తరాన్ని, తప్పులు దిద్ది పంపుతానని ఆయనే తీసుకున్నారు. దాని మీదికి మాత్రం నా అనుమానం పోలేదు.

చివరికి మా ఊరి నుంచి కట్టెల బండి తోలుకొచ్చే ఎఫ్రాయిమ్ మామను పట్టుకున్నాను.

"మామా, మా అమ్మ బతికుందో లేదో చూసి చెప్పవా?"

"ఇదేం ప్రశ్నే పిల్లా! మొన్నేగా నన్ను తిట్టింది!"

నన్ను ఊరడించడానికే అలా అన్నాడనుకున్నాను.

ఆ వారం కాలేజీకి సున్నం వేశారు. ఆదివారం వెదర్‌బీ దొరసాని స్వయంగా వస్తున్నారట. ఆ ఆదివారం పొద్దున్నే ఎఫ్రాయిమ్ మామ బండిలోంచి చిలగడదుంపల బస్తా దిగింది. దాని వెనకే మా అమ్మ.

"నేను బతికున్నానో లేదో చూడమన్నావంట! ఇదిగో, గిల్లి చూసుకో!"

నేను అమ్మను వాటేసుకుని ఏడ్చాను. తలెత్తేసరికి పాస్టరుగారు నిలబడి ఉన్నారు. ముఖంలో నెత్తురు లేదు.

"కెజయా అక్కా, అలిసిపోయి వచ్చావు. వంటింట్లో కూచో. దొరసాని వెళ్లేదాకా ఇటు రావద్దు."

అమ్మ కళ్లు చిన్నవయ్యాయి. "దొరల వంటింటి గుమ్మంలో ముప్పై ఏళ్లున్నాను. నా కూతురి బళ్లో కూడానా? ఎందుకట?"

"తర్వాత చెబుతానక్కా. ఆవిడ డబ్బుతోనే సాగే కప్పు పని సగంలో ఉంది..."

అప్పుడర్థమైంది నాకు. చనిపోయింది ఆయన దిద్దిన నా ఉత్తరంలోని అమ్మ.

అయినా అమ్మను వంటింట్లోకే తీసుకెళ్లాను. వంటింటి పీట మీద కూర్చుని అమ్మ ఆయన్ని కాదు, నన్ను అనుమానంగా చూసింది.

"నా బట్టలు చూసి సిగ్గుపడుతున్నావా?"

అమ్మ చెయ్యి పట్టుకుని, దొరసాని వచ్చి కూర్చున్న చర్చి హాల్లోకి నేరుగా తీసుకెళ్లాను. "దొరసానిగారూ, మా అమ్మ." అన్నాను.

దొరసాని అమ్మను కింది నుంచి పైదాకా చూశారు. "పాస్టరుగారూ, ఎవరీవిడ? తల్లి పోయిందని ఈ పిల్ల చేత్తో రాసిన ఉత్తరం నా దగ్గరుంది. ఇప్పుడు డబ్బు కోసం ఎవరినో తెచ్చి అమ్మంటోందా?"

ఆయన తెలియదంటే చాలు, అమ్మ మోసగత్తె అయిపోయేది, నేను అబద్ధాలకోరునయ్యేదాన్ని. కప్పు మాత్రం పూర్తయ్యేది. అందరం ఆయన నోటి వైపే చూస్తున్నాం.

"ఆ మాట నేను చేర్చి, పిల్ల రాతలా రాశానమ్మా," అన్నారు చివరికి. "ఈవిడ తల్లే."

అమ్మ ఒక అడుగు ముందుకేసింది. "ఏం జబ్బుతో పోయాను అయ్యగారూ?"

"జ్వరంతో," అన్నారాయన తలవంచుకుని.

"పాపం. మంచి మనిషి."

వెనక బల్లల్లో డార్కస్ కిసుక్కుమంది. దొరసాని నవ్వలేదు. చేతి తొడుగులు వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బగ్గీ ఎక్కేశారు.

ఆమె అటు వెళ్లగానే అమ్మ బస్తా తెచ్చి పాస్టరుగారి ముందు దించింది. "ఇవి ఫీజుకు చాలవు. నా పిల్ల సంగతేంటి?"

"చదువుతుందక్కా. మాటిస్తున్నాను."

"నన్ను చంపిన నోటితోనేగా ఇస్తున్నారు!"

అమ్మ ఆ రాత్రి ఊరికి పోలేదు. మర్నాడు హాజరు వేళకు తరగతి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. పాస్టరుగారు ఒక్కో పేరూ చదువుతూ నా దాకా వచ్చి, గుమ్మం వైపు ఓసారి చూసి, పిలిచారు.

"జిల్ఫా."

"వచ్చానండీ."

అయినా అమ్మ కదల్లేదు. చివరి పేరు దాకా విని, ఆయన పుస్తకం మూశాకే బండెక్కింది.