రేడియో నోరు మూసుకునే వేళ

ఆ దీవి రేడియోలో అందరూ చెవులు రిక్కించి వినే కార్యక్రమం ఒకటుంది. అందులో పాట లేదు, మాట లేదు, అసలేమీ లేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అవతలి ఒడ్డు నుంచి లాంచీ వస్తుంది. అది రేవుకి దగ్గర పడుతుండగా రేడియో నోరు మూసుకుంటుంది. లాంచీ కూత రేవులో గంటాయనకి వినపడాలి, ఆయన కొట్టే గంట లాంచీ నడిపేవాడికి వినపడాలి. రేవు ముందు రెండు పెద్ద రాళ్ళున్నాయి. వాటి మధ్య సందులోంచే లాంచీ రావాలి. పొగమంచు పట్టిన రోజున ఆ సందు కంటికి దొరకదు, చెవికే దొరుకుతుంది. గంట మోగి, లాంచీ రేవుకి చేరాక రేడియో మళ్ళీ నోరు తెరుస్తుంది. ఇదే కార్యక్రమం.

దీన్ని మొదలుపెట్టింది పెద్దమ్మ. ఊరందరికీ ఆవిడ పెద్దమ్మే గానీ, ఇప్పుడు ఆ రేడియోలో మాట్లాడే రేడియో అక్కకి మాత్రం నిజంగానే తల్లికి అక్క. దీవికో రేడియో పెడతానని ఆవిడ అన్నప్పుడు నవ్వనివాళ్ళు లేరు.

"ఇంత దీవికి రేడియో ఎందుకమ్మా? నువ్వు వీధి చివర నిలబడి ఓ కేకేస్తే చాలదూ?" అన్నాడు ఐసు ఫ్యాక్టరీ యజమాని.

ఆయన అన్నదాంట్లోనూ న్యాయం ఉంది, ఆవిడ గొంతు అలాంటిది. కానీ పెద్దమ్మ పట్టిందంటే ఉడుంపట్టే. చివరికి ఆ నవ్విన పెద్దమనిషి చేతే ఫ్యాక్టరీ మీది గది ఇప్పించుకుంది. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకి కొట్టడానికి ఇంటింటికీ తిరిగి పాత పరుపులు అడిగి తెచ్చింది. మరకల్ని బట్టి ఏ పరుపు ఎవరింటిదో పోల్చుకుని జనం చాలాకాలం నవ్వుకున్నారు.

రేడియో పలికిన మొదటి రోజు దీవికి దీవే పొంగిపోయింది. మన రేడియో, మన గొంతు! ఉన్న రేడియోలన్నీ గుమ్మాల్లోకీ కిటికీల్లోకీ తెచ్చి, చెవులు చిల్లులు పడేలా పెట్టారు. ఆ సాయంత్రమే పొగమంచు దిగింది. లాంచీ కూత ఎవరికీ వినపడలేదు, గంట మోగలేదు. లాంచీ రాతికి కొట్టుకుని పగిలింది. ఎక్కినవాళ్ళందరినీ చేపల పడవలు ఒడ్డుకి చేర్చాయి గానీ, నడిపినవాడు దొరకలేదు. ఆయన పెద్దమ్మ భర్త. ఆయన మునిగిపోయేటప్పుడు ఊరంతా మారుమోగుతున్నది ఆవిడ గొంతే.

ఇక రేడియో మూసేస్తుందనుకున్నారు. దినాలయ్యాక ఆవిడ తిన్నగా మెట్లెక్కి వెళ్ళి మైకు ముందు కూర్చుంది. దీపాలు పెట్టే వేళకి, "లాంచీ వస్తోంది. నేను నోరు మూసుకుంటున్నాను. మీరూ మూసుకోండి," అంది. ఆనాటి నుంచి ఆ మౌనం తప్పలేదు. ఓసారి మంత్రిగారి ప్రసంగాన్ని సగంలో ఆపేసి, గంట మోగాక, "ఇప్పుడు కానివ్వండి బాబూ," అందట. మంత్రిగారికి ఏం చెప్తున్నారో మర్చిపోయి కూర్చోవాల్సి వచ్చింది.

పెద్దమ్మ పోయాక ఆ కుర్చీలో రేడియో అక్క కూర్చుంది. ఇప్పుడు లాంచీ నడిపేది ఆమె తమ్ముడు. గంట మోగేదాకా ఆమె ప్రాణం ఆమెది కాదు.

అలాంటి రేడియోని అవతలి ఒడ్డు కంపెనీ ఒకటి కొనేసింది. కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, అందరినీ మీరు మీరు అనే పిలిచేవాడు. పరుపులు పీకించి స్పాంజి అంటించాడు. ఆ తర్వాత మౌనం మీద పడ్డాడు.

"రేడియోకి నిశ్శబ్దం జబ్బండీ. మాట ఆగితే వినేవాళ్ళు వేరే స్టేషనుకి పోతారు."

"ఇక్కడ వేరే స్టేషను లేదు కదండీ," అంది రేడియో అక్క.

"లాంచీలో దారి చూపించే యంత్రం ఉందిగా?"

"ఉందండీ. సముద్రమంతా బాగానే చూపిస్తుంది. రాళ్ళ దగ్గరికొచ్చేసరికి అటో ఇటో కాస్త తేడా చెప్తుంది. పడవ పగలడానికి ఆ కాస్త చాలు."

మేనేజరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "నన్ను అర్థం చేసుకోండి. రోజు మొత్తమ్మీద ఎక్కువ మంది వినేది ఆ వేళే. సబ్బు కంపెనీ వాళ్ళు ఆ వేళే కావాలంటున్నారు."

"అప్పుడు ఏమీ వినపడదు కాబట్టే వింటున్నారండీ!"

ఆయన వాదన పెంచలేదు. మర్నాడు మైకు పక్కన ఒక పెట్టె బిగించారు. గదిలో మాట ఆగితే చాలు, ఆ పెట్టె తనంతట తనే సబ్బు పాట అందుకుంటుంది. "మీరు నోరు మూసుకున్నా ఇది మూసుకోదు," అన్నాడు మేనేజరు, కాస్త నొచ్చుకుంటూనే.

రేడియో అక్కకి ఒళ్ళు మండిపోయింది. మొగుడి ప్రాణం పెట్టి పెద్దమ్మ కొన్న మౌనాన్ని సబ్బుబిళ్ళకి అమ్ముతారా? పైగా ఆ సాయంత్రం కిటికీ అద్దం తెల్లగా పొగమంచు పట్టేసి ఉంది. తమ్ముడు నీళ్ళ మీద ఉన్నాడు. మాట్లాడితే తన గొంతు అడ్డం, మానేస్తే సబ్బు పాట అడ్డం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆమె అప్పటిదాకా వేస్తున్న పాట ఆపి మైకు దగ్గరికి జరిగింది.

"లాంచీ వస్తోంది. ఇవాళ్టి నుంచి నేను నోరు మూసుకున్నా ఈ రేడియో మూసుకోదట. అందుకని దీని నోరు మీరే మూయండి. రేడియోలు కట్టేయండి. గంట మోగాక, మీకిష్టమైతే పెట్టుకోండి."

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఎక్కడైనా రేడియోవాళ్ళే రేడియో కట్టేయమంటారుటండీ!"

పెట్టె సబ్బు పాట అందుకుంది. రేడియో అక్క లేచి కిటికీ తెరిచింది. కింద టీ కొట్టులో పాట ఠక్కున ఆగింది. తర్వాత దర్జీ దగ్గర, మంగలి దగ్గర, అలా రేవు దాకా ఒక్కొక్కటే ఆగుతూ పోయింది. వీధిలో ఎవరో దగ్గింది కూడా వినపడింది. దూరంగా లాంచీ కూసింది. గంట మోగింది.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు," అన్నాడు మేనేజరు.

"ఈ కుర్చీ మీరిచ్చింది కాదు. తీసుకుంటానంటే తీసుకోండి," అని రేడియో అక్క మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు పొగమంచు ఇంకా దట్టంగా దిగింది. రేడియో అక్క ముందే వచ్చి రేవులో నిలబడింది. వీధిలోని రేడియోలన్నిట్లోనూ అవతలి ఒడ్డు అమ్మాయి ఎవరో తీయగా కబుర్లు చెబుతోంది. ఆ పిల్లకి లాంచీ సంగతే తెలియదు. కొట్టుకొట్టుకీ వెళ్ళి కాళ్ళు పట్టుకుందామని ఆమె కదిలింది. ఈలోగా టీ కొట్టాయన మరుగుతున్న పాల మీంచి చెయ్యి చాపి రేడియో కట్టేశాడు. దర్జీ కట్టేశాడు. మంగలి ఒకడికి సగం గడ్డం గీసి, వాణ్ణి అలాగే వదిలేసి వెళ్ళి కట్టేశాడు.

కూత వినపడింది. గంట మోగింది. లాంచీ రాళ్ళ మధ్య నుంచి నిదానంగా వచ్చి రేవుకి ఆనుకుంది.

"అక్కా, నిన్ను తీసేశారన్నారుగా! మరి రేడియోలు ఎవరాపించారు?" తాడు విసురుతూ అడిగాడు తమ్ముడు.

"ఎవరూ చెప్పలేదురా," అంటూనే ఆమె ఏడ్చేసింది.

గంట మోగాక రేడియోలు మళ్ళీ పలకాలి. ఆ రోజు పలకలేదు. కాసేపటికి మేనేజరు కంగారుగా వీధిలోకి దిగొచ్చాడు.

"కరెంటు పోయిందా?" అని అడిగాడు.

"కరెంటుకేమండీ, నిక్షేపంలా ఉంది. రేడియో అక్కే లేదు. ఆవిడ కుర్చీలో కూర్చున్నాక పెడతాం," అన్నాడు టీ కొట్టాయన.

అని ఊరుకోలేదు. రేడియో కరెంటు తీగ పీకి, చుట్టచుట్టి మేనేజరు చేతిలో పెట్టాడు. దర్జీ కూడా తన తీగ పీకి పట్టుకొచ్చాడు. మంగలి వస్తున్నాడు.