గట్టి తాళం

నేను ఒక ఇత్తడి తాళాన్ని. పుట్టింది అలీగఢ్‌లో. నన్ను చేసిన ముసలాయన లోపలి మీటలను ఒక్కొక్కటే అరగదీసి, చెవి దగ్గర పెట్టుకుని నా చప్పుడు విని, తృప్తిగా తల ఊపాడు. దొంగలను బయట ఉంచడమే నా పని అనుకుంటూ రైలెక్కాను.

బొగ్గుబావుల ఊరి అంగడిలో భూదమ్మ నన్ను కొన్నది. ఆమె ఇంట్లో ఒక మంచం, రెండు బిందెలు, ఒక ఇనుప పెట్టె తప్ప ఏమీ లేవు. దేనికి కాపలా పెడుతుందా అనుకున్నాను. మర్నాడు పొద్దున భర్త ఓదెలు డ్యూటీ దిగి వచ్చి, తిని పడుకున్నాడు. ఆమె ముగ్గురు పిల్లలను బడికి పంపి, తలుపు దగ్గరికి వేసి, గొళ్లేనికి నన్ను తగిలించి కూలికి వెళ్లిపోయింది.

నిర్ఘాంతపోయాను. ఇంటివాడినే లోపల ఉంచడానికి తెచ్చిందా నన్ను? ఓదెలు సారా కోసం పెట్టె కూడా అమ్మబోయాడని తర్వాత తెలిసింది.

ఒకరోజు అతను తలుపు పక్క కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి సుత్తితో నన్ను బాదాడు. పైకి సొట్టలే. లోపల మాత్రం కొక్కేన్ని పట్టి ఉంచే నా నాలుక విరిగింది. అప్పటినుంచి ఎవరైనా గట్టిగా ఒక్క లాగు లాగితే ఊడిపోతాను. తాళంచెవి తిప్పితే ఎప్పటిలాగే టక్కుమంటాను. భూదమ్మ నా సొట్టలు తడిమి, "ఎంత కొట్టినా పలగలే. గట్టిది" అని మెచ్చుకుంది. నాకు సిగ్గేసింది.

రోజూ అతను నన్ను ఊడదీసి వెళ్లేవాడు. తాగి వచ్చి, కిటికీలోంచి మళ్లీ నొక్కేవాడు. ఇంట్లోనే సీసాలు దాచాడేమోనని పాపం ఆమె బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి వెతికేది.

చివరికి ఓదెలు రక్తం కక్కుకుని ఆసుపత్రిలో పడ్డాడు. అక్కడి డాక్టరు, పట్నంలో తాగుడు మానినవాళ్లు ఒకచోట కూర్చుని తమ గోడు చెప్పుకుంటారని చెప్పాడు. మొగుడూ పెళ్లాలు ఇద్దరూ వెళ్లి చూసి వచ్చారు. మా ఊళ్లో అలాంటిది ఎవరూ వినలేదు. ఆదివారం తమ ముందు గదిలోనే రెండు చాపలు పరిచారు. మొదటి వారం ఒక్కడే వచ్చాడు, అదీ నవ్వడానికి.

"పిల్లల నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్లేసుడు ఈడ లేదు," అనేవాడు ఓదెలు. "నేను ముగ్గురి నెత్తుల మీద ఏసిన. సాయంత్రానికి తాగిన. ఇయ్యాల్టి మందం, ఈ ఒక్క రోజు తాగకుంటే సాలు."

భూదమ్మ గ్లాసుల్లో చాయ్ పోసేది. అయినా భయం పోలేదు. పనికి వెళ్తూ నన్ను వేయడం మానలేదు. ఒక పొద్దు అతను ఊచల్లోంచి చెయ్యి చాపి నన్ను పట్టుకున్నాడు. ఊడడానికి సిద్ధమయ్యాను. కాసేపు అలాగే పట్టుకుని, వదిలేశాడు. మర్నాడూ అంతే. తర్వాత చెయ్యి రావడమే మానేసింది.

ఏడాది గడిచింది. చాపలు ఆరయ్యాయి. ఆడవాళ్లు మాత్రం చాపల వంక చూడలేదు, నా వంక చూశారు.

"భూదక్కా, మీ ఆయనను మార్చింది గీ తాళమే గదా. జర నాలుగొద్దులు ఇయ్యరాదు," అంది పక్కింటి సారమ్మ.

"తీస్కపో. మల్ల నీ మొగని లెక్క ఎటన్న తప్పిపోతదేమో, పైలం," అని నవ్వి ఇచ్చింది భూదమ్మ.

సారమ్మ తన భర్త రాయలింగును లోపల పెట్టి నన్ను వేసింది. ఆ తలుపు పక్కన కిటికీ లేదు. ఇరవై ఏళ్లుగా ఒక్క పూట తాగకుండా ఆగనివాడు. రెండోరోజు అతని వణుకుకు తలుపు, తలుపుతో నేను కదిలాం. మూడోరోజు పొద్దున గోడ మీద పాములున్నాయని అరిచాడు. తర్వాత దబ్బున పడ్డ చప్పుడు, నేలకు మడమలు కొట్టుకుంటున్న చప్పుడు. సారమ్మ నల్లా దగ్గరి నుంచి పరుగున వచ్చింది. తాళంచెవి తలకిందులుగా పెట్టి పొడిచింది, నాలోకి దూరలేదు. నేనే ఒక మనిషిని చంపుతున్నాను. ఊడిపోవాలని ఉంది. ఎవరైనా లాగాలి కదా.

అరుపులకు భూదమ్మ పరుగెత్తుకొచ్చింది, ఆమె వెనకే ఓదెలు వచ్చాడు. సారమ్మను పక్కకు జరిపి, నన్ను పట్టి ఒక్క లాగు లాగాడు. ఊడిపోయాను. నలుగురు రాయలింగును మోసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. ఇన్నేళ్ల తాగుడు మందుల్లేకుండా ఒక్కసారిగా ఆపితే ప్రాణం పోతుందని డాక్టరు తిట్టాడట. బతికాడు.

గడపలో పడి ఉన్న నన్ను భూదమ్మ తీసింది. నొక్కింది. లాగింది. మళ్లీ నొక్కి, మళ్లీ లాగింది.

ఓదెలు తిరిగి వచ్చాక అడిగింది. "ఎప్పటి సంది?"

"సుత్తెతోని కొట్టినప్పటి సంది."

"మరి ఏడాది సంది లోపట ఎందుకు కూసున్నవ్?"

అతను తల దించుకున్నాడు. "నువ్వు ఏసి పోతుంటివి. నీకు అదే నిమ్మలం గదా."

ఆ రోజు ఆమె పనికి వెళ్లలేదు. ఆ ఆదివారం చాయ్ గ్లాసులు దించి, సారమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, తొలిసారి చాప మీద తానూ కూర్చుంది. "నేను పెద్ద తప్పు చేసిన," అని మొదలుపెట్టింది. మగవాళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు.

ఇప్పుడు నేను వాళ్ల తలుపు పక్కన మేకుకు వేలాడుతున్నాను. ఆ తలుపుకు వేరే తాళం కొనలేదు. మొన్న ఒక కొత్త కోడలు కళ్లు తుడుచుకుంటూ వచ్చి అడిగింది. "మొగుళ్లను మాన్పించే తాళం మీ ఇంట్ల ఉన్నదంట."

భూదమ్మ నన్ను దించి, నొక్కి, ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"గుంజు బిడ్డా."

లాగింది. ఊడిపోయాను. ఆ పిల్ల నిర్ఘాంతపోయి నన్ను చూసింది, ఆమెను చూసింది.

"లోపటికి రా, కూసో," అంది భూదమ్మ, చాప మీద కాస్త జరుగుతూ.